జానెట్ జాక్సన్: సరిగా వినకుండానే పక్కన పెట్టేసిన ఆరు ఆల్బమ్‌లు

మీరు అడిగినవి రెండు సంగతులు. 'కంట్రోల్', 'రిథమ్ నేషన్ 1814', 'జానెట్', 'ద వెల్వెట్ రోప్' ఈ నాలుగూ విన్నారు, బాగా నచ్చాయి. మిగతావాటి మీద టైమ్ పెట్టొచ్చా, లేక మీ స్నేహితులు అన్నట్టు అవన్నీ దండగేనా అన్నది మొదటిది. ఆవిడకు అసలు గొంతే లేదు, మైకేల్ జాక్సన్ చెల్లెలన్న పేరు మీద నెట్టుకొచ్చింది అంటున్నారు, అది నిజమేనా అన్నది రెండోది.

రెండోదానితో మొదలుపెడతాను. గొంతు సంగతి తేలితే తప్ప ఆ ఆల్బమ్‌ల సంగతి తేలదు.

నేను హైదరాబాద్‌లో పాతికేళ్ళుగా రికార్డింగ్ పనిలో ఉన్నాను. అందులో చాలా భాగం కోరస్‌లు తీయడం. డబ్బు తక్కువున్న రోజు ముగ్గురు అమ్మాయిలను పిలిచి పన్నెండు మంది పాడినట్టు చేయాలి. ఒకే లైను ఒక్కొక్కరి చేత నాలుగేసి సార్లు పాడిస్తాం. ఒకసారి మామూలుగా, ఒకసారి పై స్థాయిలో, ఒకసారి కింద, ఒకసారి దాదాపు ఊపిరితోనే. తర్వాత ఆ ట్రాకులన్నీ ఒకదానిమీద ఒకటి పేరుస్తాం. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. గుండెల నిండా పాడే గాయని ఇక్కడ చాలా కష్టపడుతుంది. రెండోసారి పాడిన తీరు మొదటిసారి పాడినదానికి సరిపోదు, రెండూ కలిపితే అలుక్కుపోతుంది. మాట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, ఊపిరి ఎక్కడ తీసుకుంది అన్నది ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా పాడగలిగిన గొంతు కావాలి. అలాంటి గొంతు ఒక్కటే వింటే చిన్నగా ఉంటుంది. పది పొరలు పేరిస్తే మాత్రం ఇంకే గొంతూ చేయలేని పని చేస్తుంది. మిక్సింగ్ బల్ల దగ్గర కూర్చుని ఒక్కో ట్రాకు శబ్దం పెంచే ఫేడర్ పైకి జరుపుతుంటే గది గోడలు వెనక్కి జరిగినట్టుంటుంది.

జానెట్ గొంతు ఆ జాతిది. ఆమె ఎదిగిన కాలంలో విట్నీ హ్యూస్టన్, ఆ తర్వాత మరాయా కేరీ పాప్ గాత్రానికి కొలబద్దలయ్యారు. ఆ కొలబద్ద పెడితే జానెట్ పొట్టిగానే కనిపిస్తుంది. కానీ ఆమె చేసే పని వేరు. ముందు వినిపించే గొంతు ఆమెదే, వెనక కోరస్‌లో గుంపుగా వినిపించేదీ ఎక్కువగా ఆమె గొంతే, ఎడమ చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడి పోయేదీ ఆమే. నిర్మాతలు జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్ 1986 నుంచి ఆమె పాటల్ని ఈ పొరల చుట్టూనే కట్టుకుంటూ వచ్చారు. ఫోన్ స్పీకర్‌లో విని గొంతు లేదు అనేవాళ్ళను నేను తప్పుపట్టను. ఆ స్పీకర్‌లో పొరలన్నీ కలిసి ఒక సన్నటి గీత అయిపోతాయి. మీరు మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. నేను ఇకమీద చెప్పబోయేవన్నీ ఆ షరతు మీదే చెబుతున్నాను.

ఇక ఇంటిపేరు సంగతి. ఇక్కడ లెక్కలే జవాబు చెబుతాయి. జానెట్ 1966లో ఇండియానా రాష్ట్రంలోని గ్యారీలో పుట్టింది, పదిమంది సంతానంలో ఆఖరిది. అన్నలు జాక్సన్ 5 పేరుతో పేరు తెచ్చుకునేనాటికి ఆమె పసిపిల్ల. పదకొండేళ్ళకే టీవీ సీరియల్లో నటించింది. పదహారేళ్ళప్పుడు, 1982 సెప్టెంబర్‌లో, ఏ అండ్ ఎం కంపెనీ తరఫున మొదటి ఆల్బమ్ వచ్చింది. ఏం చేయాలో, ఎవరితో చేయాలో అంతా తండ్రి జోసెఫ్ నిర్ణయమే. తండ్రి కోసమే పాడానని ఆమె తర్వాత చెప్పుకుంది. ఆల్బమ్ పేరు 'జానెట్ జాక్సన్'. అది అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో 63వ స్థానం దగ్గర ఆగిపోయింది. రెండు నెలలు తిరిగేసరికి అన్న మైకేల్ 'థ్రిల్లర్' వచ్చింది.

1984లో రెండో ఆల్బమ్ 'డ్రీమ్ స్ట్రీట్'. ప్రపంచమంతా జాక్సన్ అన్న పేరు తప్ప మరో పేరు వినబడని సంవత్సరం అది. ఇంకో అన్న మార్లన్ నిర్మాతల్లో ఒకడు. మైకేల్ స్వయంగా ఒక పాటకు వెనక గొంతు ఇచ్చాడు. అయినా ఆ ఆల్బమ్ 147వ స్థానం దాటి పైకి రాలేదు. ఇంటిపేరుకే అమ్మే శక్తి ఉంటే ఆ ఏడాది అమ్మాలి. అమ్మలేదు. రెండేళ్ళ తర్వాత ఆమె తండ్రి మేనేజ్‌మెంట్ నుంచి బయటపడి, వేరు కాపురం పెట్టినట్టుగా మినియాపొలిస్ నగరానికి వెళ్ళి చేసుకున్న 'కంట్రోల్' మొదటి స్థానానికి వెళ్ళింది. ఇంటిపేరు మీద నెట్టుకొచ్చింది అనేవాళ్ళకు ఈ మూడు అంకెలు చూపించండి చాలు.

ఈ మొదటి రెండు ఆల్బమ్‌లూ వినాలా? వినాలి, అయితే ఒకటి రెండు పాటల కోసం, ఒక కారణం కోసం. మొదటిదాంట్లో 'యంగ్ లవ్' వినండి. రెనే మూర్, ఆంజెలా విన్‌బుష్ రాసిన పాట, ఆర్ అండ్ బీ చార్టులో పదిలోపు చేరింది. పదహారేళ్ళ పిల్ల గొంతు, ఇంకా పొరలు లేవు, కానీ తాళం మీద మాట పెట్టే తీరులో ఒక నిక్కచ్చితనం అప్పటికే ఉంది. 'డ్రీమ్ స్ట్రీట్' గందరగోళంగా ఉంటుంది. ఒకవైపు జార్జియో మొరోడర్, పీట్ బెలోట్‌ల డిస్కో బాణీ, మరోవైపు మార్లన్ పాటలు, మధ్యలో బ్రిటన్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్‌తో ఒక యుగళగీతం. ఎవరి ఆల్బమో తెలియదు. అయితే అందులో 'ఫాస్ట్ గర్ల్స్', 'ప్రెటీ బాయ్' అన్న రెండు పాటలున్నాయి. అవి చేసింది జెస్సీ జాన్సన్, మినియాపొలిస్‌లోని ద టైమ్ బృందంలో గిటారిస్టు. జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్ కూడా ఆ బృందం నుంచి వచ్చినవాళ్ళే. అంటే 'కంట్రోల్' ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ గట్టి డ్రమ్ మెషీను దెబ్బ, కోసినట్టుండే సింథసైజర్ ఆమెకు అచ్చొస్తాయని రెండేళ్ళ ముందే ఈ పాడైపోయిన ఆల్బమ్ మూలలో ఒక నమూనా తయారై ఉంది. 'కంట్రోల్' నచ్చిన మీకు ఆ రెండు పాటలు తాళంచెవుల్లాంటివి.

2001 నాటి 'ఆల్ ఫర్ యూ' పెద్ద హిట్టు, దాని తరఫున నేను వాదించక్కర్లేదు. అసలు అన్యాయం జరిగింది ఆ తర్వాతిదానికి.

2004లో నేను స్టూడియోలో అసిస్టెంటుగా ఉన్నాను. స్కూల్లో ఉండగా కేబుల్ కనెక్షన్ వచ్చిన కొత్తలో ఎంటీవీలో 'దట్స్ ద వే లవ్ గోస్' చూసి జానెట్ అభిమానినయ్యాను కాబట్టి కొత్త ఆల్బమ్ కోసం అబిడ్స్‌లో ఒక క్యాసెట్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన పై అర నుంచి దులిపి తీసి ఇచ్చి, "ఆ గొడవావిడదేనా బాబూ? ఎవరూ అడగట్లేదు, తీసుకుంటే తగ్గించి ఇస్తాను" అన్నాడు. ఆయన ఒక్క పాట కూడా విని ఉండడు. అమెరికాలో విమర్శలు రాసినవాళ్ళలో చాలామంది విన్నారు గానీ, వాళ్ళ చెవుల్లోనూ ఆ గొడవే మోగుతూ ఉంది.

గొడవ ఏమిటో తెలియని చిన్నవాళ్ళ కోసం చెబుతాను. 2004 ఫిబ్రవరి 1న హ్యూస్టన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ మధ్య విరామంలో జానెట్ ప్రదర్శన. చివర్లో తోటి గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్ ఆమె దుస్తుల్లో ఒక భాగం లాగాడు, రొమ్ము ఒక క్షణం బయటపడింది. ఆ క్షణం ఎంతసేపన్నది తర్వాత కోర్టు తీర్పులో కూడా నమోదైంది: సెకనులో పదహారింట తొమ్మిది వంతులు. అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఆ ఆటను ప్రసారం చేసిన సీబీఎస్ ఛానెల్‌కు 5,50,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ జరిమానాను అప్పీలు కోర్టు 2008లో కొట్టేసింది, 2011లో మళ్ళీ కొట్టేసింది. ఇదంతా ఛానెల్ సంగతి. ఇక మనుషుల సంగతి చూడండి. వారం తిరిగేసరికి గ్రామీ వేదిక మీద టింబర్‌లేక్ రెండు అవార్డులు అందుకున్నాడు. జానెట్ ఆ వేడుకలో లేదు. టింబర్‌లేక్ బహిరంగంగా ఆమెకు క్షమాపణ చెప్పింది 2021లో.

ఆ ప్రదర్శన జరిగిన రెండు నెలలకు, మార్చి ఆఖర్లో 'డమిటా జో' వచ్చింది. అది ఆమె పేరులో మధ్య భాగం. మొదటి వారంలో 3,81,000 కాపీలు అమ్ముడై రెండో స్థానంలో నిలిచింది, ముందున్నది అషర్ 'కన్ఫెషన్స్'. అంటే జనం కొన్నారు. కానీ పాట బతకాలంటే రేడియోలో, టీవీలో మోగాలి. అప్పట్లో సీబీఎస్, ఎంటీవీ, పెద్ద రేడియో స్టేషన్ల గొలుసు ఒకటి, ఇవన్నీ వయాకామ్ అనే ఒకే గొడుగు కింద ఉండేవి. ఆమె పాటలు అక్కడ వినబడటం తగ్గిపోయింది. 'జస్ట్ ఎ లిటిల్ వైల్' 45వ స్థానం, 'ఐ వాంట్ యూ' 57వ స్థానం. 'ఆల్ నైట్' అయితే క్లబ్ డాన్స్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళి కూడా పాటల ప్రధాన జాబితా హాట్ 100 లోపలికే రాలేదు. డాన్స్ ఫ్లోర్ మీద జనం ఎగురుతున్న పాట రేడియోలో లేదన్నమాట. ఈ ఒక్క తేడా చాలు, ఆల్బమ్‌ను ఎవరు తూచారో, దేంతో తూచారో చెప్పడానికి.

సరే, సంగీతానికి వద్దాం. 'ఆల్ నైట్' కింద పరిచింది జాజ్ విద్వాంసుడు హెర్బీ హాంకాక్ 1975లో చేసిన 'హాంగ్ అప్ యువర్ హాంగ్ అప్స్' రికార్డు నుంచి తీసిన ముక్క. ఆ ఫంక్ ముక్క ఎవరి చేతికి చిక్కినా దానిమీద అరుస్తారు, అంత బలంగా ఉంటుంది. జానెట్ అరవలేదు. దాదాపు చెవిలో చెప్పినట్టు పాడి, తాళానికి వెంట్రుకవాసి వెనకగా మాట దింపుతుంది. అందువల్ల కింది ముక్క ఇంకా బరువుగా వినిపిస్తుంది. మిక్సింగ్ చేసేవాళ్ళకు ఇది పాఠం: పై గొంతు తగ్గితే కింది తాళం పెరుగుతుంది.

'ఐ వాంట్ యూ' ఇంకో రకం. అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న కాన్యే వెస్ట్, జాన్ లెజెండ్‌ల చేయి ఇందులో ఉంది. బీ.టీ. ఎక్స్‌ప్రెస్ పాడిన 'క్లోజ్ టు యూ' ముక్క తీసుకుని దాని చుట్టూ కొత్త పాట అల్లారు. మూల పాట బర్ట్ బాకరాక్, హాల్ డేవిడ్‌లది. 1960ల సోల్ పాటలా కిర్రుమనే శబ్దం మధ్యలో ఆమె గొంతు ఎంత తేటగా ఉంటుందంటే, పాత ఫొటోలో ఒక్క ముఖానికే రంగు వేసినట్టు ఉంటుంది. 'ఆర్ అండ్ బీ జంకీ' ఎవలిన్ కింగ్ 1981 పాట మీద కట్టినది, అంటే జానెట్ మొదటి ఆల్బమ్‌కు ముందు ఏడాది పాట. ఆ రోజుల్లో ఎలాంటి పాట పాడాలో ఆమె చేతిలో లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసు దగ్గరపడుతుండగా తిరిగి వెళ్ళి తనకు కావలసినట్టు పాడుకుంది. అందుకే ఆ పాటలో అంత సంతోషం ఉంటుంది.

నిర్మాత బేబీఫేస్ చేసిన 'థింకిన్ బౌట్ మై ఎక్స్' మీద ఎవరూ ఎందుకు రాయరో నాకు అర్థం కాదు. తనతో ఉన్న మనిషికి, నీతో ఉంటూనే పాత మనిషిని తలుచుకుంటున్నాను, నువ్వు మంచివాడివి, తప్పు నాది అని చెప్పుకునే పాట. పాప్ పాటల్లో మోసపోయినవాళ్ళే ఎక్కువ మాట్లాడతారు. ఇందులో తప్పు చేస్తున్న మనిషి మాట్లాడుతుంది, సాకు చెప్పుకోదు. గొంతు పెంచితే ఆ ఒప్పుకోలు నాటకమైపోతుంది. ఆమె పెంచదు.

ఇక లోపాలు. ఆల్బమ్ చాలా పొడుగు, మధ్యలో మాటల ముక్కలతో కలిపి ఇరవై రెండు ట్రాకులు. నడిమి భాగంలో శృంగార గీతాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, అన్నీ ఒకే వేగం, ఒకే మూడ్. వాటిలో రెండు చాలు. హాల్లో స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదీ వినే ఆల్బమ్ కాదని కూడా ముందే చెబుతున్నాను. గొడవ జరిగిన వెంటనే అలాంటి పాటలు రావడంతో కావాలనే చేసిందని జనం అనుకున్నారు, కానీ సిద్ధమైన ఆల్బమ్ రెండు నెలల్లో మారదు. 1993 నుంచి ఆమె ఆ దారిలోనే పాడుతోంది. నేనైతే ఇలా వింటాను: 'డమిటా జో', 'స్పెండింగ్ టైమ్ విత్ యూ', 'ఐలాండ్ లైఫ్', 'ఆల్ నైట్', 'ఆర్ అండ్ బీ జంకీ', 'ఐ వాంట్ యూ', 'లైక్ యూ డోంట్ లవ్ మీ', 'థింకిన్ బౌట్ మై ఎక్స్', 'ట్రూలీ', ఆఖర్న 'జస్ట్ ఎ లిటిల్ వైల్'. ఈ వరసలో ఒక సాయంత్రం పెట్టుకోండి. 'ఆల్ ఫర్ యూ' కంటే ఇది మంచి ఆల్బమ్ అని నా నమ్మకం. అవతలివాళ్ళు ఒప్పుకోకపోయినా ఈ మాట వెనక్కి తీసుకోను.

2006 నాటి '20 వై.ఓ.' గురించి క్లుప్తంగా చెబుతాను. 'కంట్రోల్' వచ్చి ఇరవై ఏళ్ళయిందని ఆ పేరు పెట్టారు, ఆ పేరే దానికి శాపమైంది. పేరు చూసి జనం ఇంకో 'కంట్రోల్' వస్తుందనుకున్నారు. మొదటి సగం అప్పట్లో ఆమెతో జీవితం పంచుకుంటున్న నిర్మాత జెర్మెయిన్ డుప్రీ ముద్రతో నడుస్తుంది, ఆ కాలపు క్లబ్ పాటల పోలిక ఎక్కువ, ఆమె గొంతుకు చోటు తక్కువ. దాన్ని వదిలేసినా నష్టం లేదు. రెండో సగం వినండి. 'ఎంజాయ్', 'టేక్ కేర్', 'డేబ్రేక్', 'విత్ యూ' వింటే జామ్, లూయిస్‌ల ఇల్లు మళ్ళీ కనబడుతుంది. 'టేక్ కేర్'లో వెనక గొంతులు మాత్రమే వేరు చేసి నాకు ఎవరైనా ఇస్తే పని మానేసి రోజంతా వింటాను.

2008లో వచ్చిన 'డిసిప్లిన్' సంగతి కొంచెం చిక్కు. కొత్త కంపెనీ, ఐలాండ్ డెఫ్ జామ్. 'డ్రీమ్ స్ట్రీట్' తర్వాత జామ్, లూయిస్ లేకుండా చేసిన మొదటి ఆల్బమ్ ఇదే. పాటల రచనలోనూ ఆమె చేయి దాదాపు లేదు. మొదటి వారం 1,81,000 కాపీలతో నేరుగా మొదటి స్థానానికి వెళ్ళింది, కొద్ది నెలల్లోనే కంపెనీతో ఆమె బంధం ముగిసింది. దాంతో ఆల్బమ్ అనాథ అయిపోయింది. ఏ పండగకూ, ఏ వార్షికోత్సవానికీ ఎవరూ తలుచుకోరు.

అసలు ఆమె రాయని పాటలు ఆమెవి అవుతాయా అన్నది న్యాయమైన ప్రశ్న. నా జవాబు నిర్మాత రాడ్నీ జెర్కిన్స్ చేసిన 'ఫీడ్‌బ్యాక్'లో ఉంది. మెటల్ మీద మెటల్ కొట్టినట్టుండే శబ్దాల మధ్య ఇంకో గాయని అయితే కొట్టుకుపోయేది. ఆమె గొంతు ఆ యంత్రాల్లో ఒక యంత్రంలా, అన్నిటికంటే మెత్తటి యంత్రంలా ఇమిడిపోతుంది. 'రాక్ విత్ యూ' దానికి పూర్తిగా వ్యతిరేకం, నీటి అడుగున డాన్స్ చేస్తున్నట్టుంటుంది. 'సో మచ్ బెటా'లో ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ జంట డాఫ్ట్ పంక్ పాట ముక్క మీద కట్టిన మొండి తాళం. నీ-యో రాసిన 'కాంట్ బీ గుడ్' వింటే మీకు అన్న గుర్తొస్తాడు. పోలిక గొంతులో కంటే, పాట ఒక్కో మెట్టూ దిగకుండా తేలిపోయే పద్ధతిలో ఉంది. పాతికేళ్ళు అన్న పోలిక తప్పించుకోవడానికి శ్రమపడిన మనిషి ఇందులో మొదటిసారి దాన్ని అడ్డుకోకుండా పాడినట్టు నాకనిపిస్తుంది. ఏడాదిన్నర తిరగకుండానే, 2009 జూన్ 25న, మైకేల్ చనిపోయాడు.

ఆ తర్వాత ఆమె ఆరేళ్ళు కొత్త ఆల్బమ్ ఇవ్వలేదు. 2015 అక్టోబర్‌లో 'అన్‌బ్రేకబుల్' వచ్చింది. సొంత లేబుల్, రిథమ్ నేషన్ రికార్డ్స్. జామ్, లూయిస్ తిరిగొచ్చారు. మళ్ళీ మొదటి స్థానం. 80లు, 90లు, 2000లు, 2010లు, నాలుగు దశకాల్లోనూ మొదటి స్థానం అందుకున్న ఆల్బమ్‌లు ఆమెకున్నాయి. విమర్శకులు ఈసారి మెచ్చుకున్నారు కూడా. మరి ఎందుకు మరుగున పడింది? ఆమె బిడ్డ కోసం టూర్ మధ్యలో ఆపేసింది. 2017 జనవరిలో, యాభై ఏళ్ళ వయసులో కొడుకు పుట్టాడు. ఆ ఏడాదే మళ్ళీ మొదలైన టూర్ పేరు కూడా మారిపోయింది. ఆల్బమ్ వెంట తిరిగి దాన్ని మోసే మనిషి లేకుండా పోయింది. మోయాల్సిన మనిషి ఇంకో పెద్ద పనిలో ఉంది.

మీరు మొట్టమొదట వినాల్సింది ఇదే. ఇందులో ఆమె గొంతు కిందికి దిగింది, వయసు తెచ్చిన చిన్న గరుకు ఉంది, దాన్ని ఎక్కడా దాచలేదు. 'ద గ్రేట్ ఫరెవర్' మొదలైనప్పుడు చాలామంది మైకేల్ పాడుతున్నాడనే అనుకున్నారు. ఆ కింది స్థాయిలో అన్నాచెల్లెళ్ళ గొంతులు అంత దగ్గరగా వచ్చేస్తాయి. 'షుడా నోన్ బెటర్' నాకు ఇంకా ముఖ్యం. ఇరవై మూడేళ్ళప్పుడు 'రిథమ్ నేషన్'తో పాటలతో ప్రపంచం మారుతుందని నమ్మిన అమ్మాయి, నలభై తొమ్మిదేళ్ళకు ఆ కలను పేరు పెట్టి పిలిచి, అప్పుడే తెలిసి ఉండాల్సింది అంటుంది. అలాగని నమ్మకం వదిలేయదు. మీకు 'రిథమ్ నేషన్' నచ్చిందన్నారు కదా, ఈ పాట వినకపోతే ఆ ఆల్బమ్ మీకు సగమే తెలిసినట్టు. రెండింటినీ వెంటవెంటనే పెట్టుకోండి. 'బ్లాక్ ఈగిల్', 'లెసన్స్ లెర్న్‌డ్' తాపీగా నడిచే పాటలు, రాత్రి పూట వినండి. చివరి పాట 'గాన్ బీ ఆల్‌రైట్' 1970ల స్లై స్టోన్ బాణీలో కేరింతలు కొడుతూ ముగుస్తుంది. కొన్ని పాటలు అవసరానికి మించి సాగుతాయి, పదిహేడింట్లో నాలుగు తీసేసినా ఎవరూ వెతకరు. కానీ మిగిలిన పదమూడూ 'వెల్వెట్ రోప్' పక్కన నిలబెట్టగలిగినవే.

ఒక్క పాట మాత్రం ఆఖరికి ఉంచుకోండి, 'బ్రోకెన్ హార్ట్స్ హీల్'. మైకేల్ కోసం రాసినది. నేను ఏడుపు పాట అనుకుని మొదలుపెట్టాను. కాదు, కాళ్ళు కదిలించే పాట, పాత రోజుల మైకేల్ పాటల్లా తేలికైన డాన్స్ తాళం. చిన్నప్పుడు ఇద్దరూ ఇంటి పనులు చేసుకుంటూ, కలిసి స్వరాలు కట్టుకుంటూ పాడుకున్న సంగతి అందులో చెబుతుంది. మళ్ళీ కలుద్దాం అనేచోట ఇన్షా అల్లా అన్న మాట వాడుతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను పాటను వెనక్కి తిప్పి మళ్ళీ ఆ చోటు విన్నాను.

ఇందాక కోరస్ తీయడం గురించి చెప్పానే, ఆ చెవితో వినండి. ఒకప్పుడు ఇంట్లో ఇద్దరు పిల్లలు పాడినప్పుడు ఒకరిది కింది స్వరమైతే ఒకరిది పై స్వరం అయి ఉంటుంది. ఈ పాట కోరస్‌లో ఎడమవైపు ఒక గొంతు, కుడివైపు ఒక గొంతు, వాటి వెనక మెత్తగా ఇంకొన్ని వినిపిస్తాయి. వాటిని ఎన్నిసార్లు విన్నా, నా చెవికి అవన్నీ ఆమెవే.